సలాం చెప్పే పెట్టె

చేతిలో ఏంటా కాగితాలు, ముంతసిర్? ఫోన్ల కంపెనీవాడు ఇచ్చినవేనా? సంతకం పెట్టేశావా? ఆ? లేదా? మంచిది. కలం జేబులో పెట్టుకుని కూర్చో. ఆ కుర్చీ వద్దు, దానికి ఒక కాలు పొట్టి, ఇటొచ్చి ఈ ఐసు పెట్టె మీద కూర్చో. ఆ మనిషి కారులో ఉన్నాడా? ఉండనీ. పుదీనా వేసి టీ పంపించు, తాగుతూ కూర్చుంటాడు. ఫ్యాక్టరీ నీది, తొందర అతనిదీనా? మీ తాత హాజీ మిస్బాహ్ కూడా ఇంతే, ఎదుటివాడు వాచీ చూసుకుంటే చాలు, తనే ఏదో తప్పు చేసినట్టు కంగారు పడేవాడు. ఏమన్నావ్? కొత్తది ఎక్కడ బిగించాలో అడగడానికొచ్చావా? ఆ ఆకుపచ్చ పెట్టె పీకేసి అక్కడే పెట్టిస్తావా? పీకించు. చచ్చిన పెట్టె, ముప్పై ఏళ్ళుగా పీకెయ్యమని నేనే మొత్తుకుంటున్నాను, ఒక్కడూ వినడు. దాని కింద గోడకి ఒక మేకు ఉంది చూడు, తుప్పు పట్టింది. అది మాత్రం పీకొద్దని చెప్పు. ఆ మేకుకి ఒక దిండు వేలాడేది, కుర్చీలో వేసుకునేది. నబవియ్య దిండు.

నబవియ్య ఎవరా? అవునులే, నువ్వప్పటికి పుట్టలేదు. ఈ ఫ్యాక్టరీ పాత ఫోను బల్ల దగ్గర పంతొమ్మిదేళ్ళు కూర్చుంది. ఆవిడంటే నాకు కోపం. పోయి పదకొండేళ్ళయింది, ఇంకా కోపమే. అలా చూడకు, చచ్చినవాళ్ళ మీద కోపం ఉండకూడదని మసీదులో చెప్తారు, నేను విన్నాను, అయినా ఉంది. ఫిక్రీ మీద కూడా ఉంది కానీ అది వేరే రకం, ఉమ్మేస్తే పోయేది. ఫిక్రీ అంటే ఆ పెట్టె బిగించినవాడు. ఇంజినీరు గారు! మన ఇజ్బా ఊళ్ళో స్క్రూడ్రైవరు పట్టుకున్న ప్రతివాడూ ఇంజినీరు గారే కదా. ఇస్త్రీ చొక్కా, జేబులో మూడు పెన్నులు. మూడు పెన్నులున్నవాణ్ణి నేను అప్పటినుంచీ నమ్మను. ఆ కారులో ఉన్నతనికి ఎన్ని ఉన్నాయి, చూశావా?

ముందు రింగుల సంగతి చెప్పాలి, లేకపోతే నీకు ఏమీ బోధపడదు. ఇప్పుడు మీరు జేబులో ఫోన్లు పెట్టుకుని మిస్డ్ కాల్స్ ఇచ్చుకుంటారు, అదేదో మీరే కనిపెట్టినట్టు. మా రోజుల్లో ఊరికి పట్టుమని పది ఫోన్లు లేవు, ఆ పదీ ఎవడూ మాట్లాడ్డానికి వాడేవాడు కాదు. ఎత్తితే డబ్బు, ఎత్తకపోతే ఊరికే. అల్లుడు ఒక్క రింగిచ్చి పెట్టేస్తే వస్తున్నానని, రెండిచ్చి పెట్టేస్తే రావట్లేదు మీరు తినెయ్యండని. మా మేనత్త మూడు రింగులకి ఒక అర్థం పెట్టుకుంది, కోడలితో గొడవైంది వచ్చి తీసుకుపొమ్మని. రోజూ మూడే మోగేవి. సరే, అది వదిలెయ్. మొగ దగ్గర, నైలు సముద్రంలో పడే చోట, రాళ్ళ కట్ట చివర దర్వీష్ టీ కొట్టు ఉండేది కదా, అతనికి ఒక ఫోనుండేది, వేలు పెట్టి తిప్పే నల్ల ఫోను. అక్కణ్ణించి మొగ మొత్తం కనబడుతుంది. ఇక్కడ రేవులో నిలబడితే ఏమీ కనబడదు. ఏట్లో నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉంటాయి, మొగలో మాత్రం ఇసుక తిన్నె మీద అల మేడంత లేచి నిలబడుతుంది. అందుకని దర్వీష్ చూసి చెప్పేవాడు. ఒక్క రింగిచ్చి పెట్టేస్తే పడవ లోపలికొస్తోంది, ఐసు కొట్టి ఉంచండని. రెండిచ్చి పెట్టేస్తే మొగ పాడైంది, ఎవరినీ బయటికి వదలొద్దని. నబవియ్య ఎత్తేది కాదు, వినేది. రెండు విందంటే ఆ గది అద్దం మీద టకటకా కొట్టి, ఇదిగో ఇలా, రెండు వేళ్ళు చూపించేది. నేను కంప్రెసరు దగ్గర ఉండేవాణ్ణి, ఫ్యాక్టరీ కూత తాడు నా నెత్తి మీద. లాగేవాణ్ణి. కూత రేవంతా వినబడేది, పడవలన్నీ ఆగిపోయేవి. ఇంతే పద్ధతి. దర్వీష్ వేలు, ఆవిడ చెవి, నా చెయ్యి. పంతొమ్మిదేళ్ళు ఒక్క పైసా ఖర్చు లేకుండా, ఒక్క ప్రాణం పోకుండా.

ఆవిడా నేనూ మంచిగా ఉండేవాళ్ళమా అంటే, లేదు. నాలుక అంత పొడుగు. “షతా మేస్త్రీ, నీ కంప్రెసరు దగ్గుతోంది, దానికి సోంపు నీళ్ళు పట్టించు” అనేది అందరిముందూ. నేనూ ఊరుకునేవాణ్ణి కాదు, “నువ్వు ఫోను ఎత్తకుండా జీతం తీసుకునే మనిషివి, నా సంగతి నీకెందుకు” అనేవాణ్ణి. కానీ ఒకటి జరిగింది. మా అమ్మ పోయినప్పుడు మన్సూరా నుంచి తంతి వచ్చింది, పోస్టువాడు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. నేను ఆ కాగితం పట్టుకుని ఆ బల్ల దగ్గరికి వెళ్ళి, “కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను, ఏముందో చూడు” అన్నాను. ఆవిడ చూసి, లేచి నిలబడి చదివింది. ఆ తరవాత కూడా రెండుమూడు సార్లు కళ్ళజోడు మర్చిపోయాను. ఎప్పుడూ అడగలేదు, మేస్త్రీ, నీ కళ్ళజోడు నేనెప్పుడూ చూడలేదే అని. అంత నాలుక ఉన్న మనిషి ఆ ఒక్క మాటా అనలేదు. అది నాకు కడుపులో ముల్లులా ఉండేది. అని ఉంటే తిట్టేసి పోయేవాణ్ణి.

సరే, ఫిక్రీ. ఎదుటి రేవులో ఇంకో ఐసు ఫ్యాక్టరీవాళ్ళు మూడు ఫోన్లు పెట్టించుకున్నారు. అంతే, మీ తాతకి నిద్ర లేదు. ఎవరో ఫిక్రీని తీసుకొచ్చారు. వచ్చాడు, చూశాడు, పాత బల్ల మీద వేలితో దుమ్ము తీసి చూపించి నవ్వాడు. “హాజీ, కైరో నుంచి చేపల షావుకారు ఫోను చేస్తే ఎవరు ఎత్తుతున్నారు? ఒక ఆడమనిషి, నోట్లో గింజలు నములుతూ! రేపటినుంచి చక్కటి గొంతు సలాం చెప్తుంది, అమ్మకాలకి ఒకటి నొక్కండి, లెక్కలకి రెండు నొక్కండి అంటుంది. వాడు అవతల లేచి నిలబడతాడు” అన్నాడు. మీ తాత కళ్ళు మెరిశాయి. పెట్టె తెచ్చాడు. ముప్పై రెండు గదులకి సరిపోయే పెట్టె! మనకున్నవి నాలుగు గదులు, అందులో ఒకటి పాయిఖానా. నేనడిగాను, ఇంత పెద్దదెందుకయ్యా అని. “రేపు పెరగరా మేస్త్రీ?” అన్నాడు. ఎక్కడికి పెరుగుతాం, ముందు ఏరు, వెనక రోడ్డు! మా రెండో కంప్రెసరు చచ్చి ఆర్నెల్లయింది, దాన్ని బాగు చేయించడానికి దాచిన డబ్బంతా ఆ పెట్టెలోకి పోయింది. పోనీ మన పాత ఫోన్లు దానికి తగిలిస్తాడా అంటే, కుదరదు, దాని ఫోన్లే దానికి పట్టాలి, వేరేవి పెడితే పలకదు. అవీ అతని దగ్గరే కొనాలి. ఫిక్రీ ఒకటి మీ తాత బల్ల మీద పెట్టాడు, ఎర్ర దీపాలు, ఇంత వెడల్పు. ఆ దీపాలు చూసి హాజీ చిన్నపిల్లాడైపోయాడు.

నబవియ్య వచ్చి ఆ ఫోను అటూ ఇటూ తిప్పి చూసింది. మీటల పక్కన ఉన్న చీటీలు సగం గీకేసి ఉన్నాయి. చదివింది పైకి. “గది శుభ్రం చేయించుటకు. బట్టలు ఉతికించుటకు. హాజీ, ఇది ఏదో హోటల్లో పీకి తెచ్చింది! ఈ మంచం బొమ్మ నొక్కితే ఎవరొచ్చి దుప్పటి మారుస్తారు, మీకు? షతా మేస్త్రీ వస్తాడా?” అంది. అందరూ పడీ పడీ నవ్వారు. నేను తప్ప. మంచం బొమ్మ నేనూ చూశాను, ముందే చూశాను. బొమ్మ చదవడానికి చదువెందుకు? అయినా ఊరుకున్నాను, నా పేరు పెట్టి నవ్వించింది కదా. ఫిక్రీ మొహం మాడ్చుకుని, “దీనికే ఆయుష్షు ఎక్కువ, హోటళ్ళు చవక సరుకు కొంటాయా?” అన్నాడు. అప్పుడు నబవియ్య అసలు మాట అడిగింది. “రింగిచ్చి పెట్టేసేవాళ్ళ సంగతేంటి? ఇది ఎన్ని రింగులకి ఎత్తుతుంది?” మీ తాత కూడా, అవును అదేంటి, అన్నాడు. ఫిక్రీ, “ఎన్నింటికి కావాలంటే అన్నింటికి. కాగితంలో రాశాను. మేస్త్రీ గారు చూసి ముద్ర వేస్తే అలాగే ఉంచుతాను” అన్నాడు. హాజీ నావైపు తిరిగి, “షతా, యంత్రాలు నీకు తెలుసు, చూసుకుని వెయ్యి” అన్నాడు. తను ఆ దీపాల దగ్గర్నించి కదలడే!

నా ముద్ర ఇదిగో, ఇప్పటికీ మెళ్ళో ఉంది. ఇత్తడిది, మా నాన్న చేయించింది, నా పేరు చెక్కి ఉంటుంది అంటారు. అంటారేంటి, ఉంది. మూడు కాగితాలు. ఫిక్రీ నా దగ్గరకి వంగి, మర్యాదగానే అడిగాడు, అబద్ధమెందుకు, “చదువుతారా బాబాయ్, చదివి వినిపించనా?” అన్నాడు. అందరూ చూస్తున్నారు. ఐసు కొట్టేవాళ్ళు, బళ్ళవాళ్ళు, అందరూ. నేను, “నాకు కళ్ళున్నాయి” అన్నాను. ఒక్కో కాగితం పట్టుకుని పైనుంచి కిందికి చూశాను, ఎంతసేపు చూస్తే చదివినట్టుంటుందో అంతసేపూ. అప్పుడు నబవియ్య చెయ్యి చాపింది. “మేస్త్రీ, ఆ మూడోది ఒకసారి ఇలా ఇయ్యి” అంది. మెల్లగా అంది. ఎప్పుడూ అలా మెల్లగా అనదు. నాకు ఒళ్ళు మండిపోయింది. “నా ముద్ర ఎక్కడ వెయ్యాలో నువ్వు చెప్తావా? నీ బల్ల పోతోందని ఏడుపు!” అన్నాను. ఇప్పుడందరూ నవ్వారు, ఆవిణ్ణి చూసి. ఆవిడ నా మొహంలోకి చూసింది. ముంతసిర్, ఒక్క ముక్క చాలు. ఇతనికి చదువు రాదు, అంటే చాలు. బల్ల ఉండేది, జీతం ఉండేది, ఆవిడ మాటే నెగ్గేది. అనలేదు. చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను మూడు ముద్రలూ వేశాను, గట్టిగా, బల్ల అదిరేలా.

దర్వీష్‌కి చెప్పారా అంటావేమో. నేను వెళ్ళి చెప్తానని ఆవిడే అంది. ఫిక్రీ, “ఏం చెప్తారు, ఏమీ మారట్లేదు” అన్నాడు. దాంతో ఎవరూ వెళ్ళలేదు. మర్నాటికి బల్ల పీకేశారు. దిండు మాత్రం ఆ మేకుకే ఉండిపోయింది.

అయిదో రోజు. గురువారం. మధ్యాహ్నం నమాజు అయి జనం బయటికొస్తున్నారు. మూడు పడవలు ఐసు ఎక్కించుకుని కట్లు విప్పుకుని బయల్దేరాయి, ముందు ఖమీస్ సరంగు పడవ. నీళ్ళు చదునుగా ఉన్నాయి, ఎండ కూడా కాస్తోంది, చలికాలపు పలచటి ఎండ. మీ తాత దమియెత్తా పట్నం వెళ్ళాడు, ఆ గదిలో ఎవరూ లేరు. నేను ఉన్న ఒక్క కంప్రెసరుకి పట్టీ బిగిస్తున్నాను. ఆ పెట్టె మోగుతుందని కూడా మాకెవరికీ వినబడదు కదా ఇప్పుడు, అదే ఎత్తేస్తుంది కదా! నబవియ్య వచ్చింది. దిండు, టీ గ్లాసు తీసుకుపోదామని వచ్చింది. నాతో మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. లోపలికి వెళ్ళి దిండు చంకలో పెట్టుకుని, హాజీ బల్ల దగ్గర ఆగిపోయింది. “ఈ దీపం ఎప్పట్నించి వెలుగుతోంది?” అని కేకేసింది. “నాకేం తెలుసు, సోకుకి పెట్టుంటాడు” అన్నాను. “ఎవరో అవతల ఉన్నారు, మేస్త్రీ! ఎవరో పట్టుకుని ఉన్నారు!” అంది. దిండు కింద పడేసింది. ఆ మీటలన్నీ చదువుకుంటూ నొక్కుతోంది, గది శుభ్రం, బట్టలు, ఏది నొక్కినా పాటే వస్తోంది. చివరికి ఏదో తగిలింది.

దర్వీష్! ఏం జరిగిందో తెలుసా? అతను రెండు రింగులు ఇద్దామనే తిప్పాడు. ఒక్కటి మోగింది, ఠక్కున ఎత్తేశారు. ఒక ఆడగొంతు, అస్సలాము అలైకుం, అంది. దర్వీష్ పెద్దమనిషి. సలాం చెప్పినవాళ్ళ మొహాన ఫోను పెడతాడా? “వ అలైకుం అస్సలాం, తల్లీ, నువ్వు కొత్తదానివా, నబవియ్య ఏదీ? సరేలే, విను, మొగ పాడైంది, మేస్త్రీతో చెప్పి కూత వేయించు” అన్నాడు. అది, తమ ఫోను మాకెంతో ముఖ్యం, దయచేసి వేచి ఉండండి, అంది. చెప్పడానికి వెళ్ళింది కాబోలు అనుకున్నాడు. పాట వినుకుంటూ నిలబడ్డాడు, డబ్బు అయిపోతోందని కూడా చూసుకోకుండా. నబవియ్య ఎత్తగానే, “మీ కొత్త అమ్మాయికి చెప్పి చాలాసేపయింది, ఇంకా కూత వెయ్యలేదేం? ఖమీస్ వచ్చేస్తున్నాడు మొగలోకి!” అని అరిచాడు.

నేను తలెత్తేసరికి అద్దం వెనకాల ఆవిడ ఉంది. రెండు వేళ్ళు. టకటకా కొట్టలేదు, వేళ్ళు అద్దానికి ఆనించి నొక్కేసింది, గోళ్ళు తెల్లబడిపోయాయి. లాగాను. చేతికి అలవాటు, బుర్రతో పని లేదు. వెనక రెండు పడవలూ ఆగాయి. ఖమీస్‌కి కూత వినబడేసరికి తిన్నె మీదున్నాడు. మా కూత విన్నాక ముందుకి పోయే సరంగు ఈ రేవులో లేడు. తిప్పాడు. తిప్పుతుంటే అల పక్కనుంచి వచ్చి పడింది. తిప్పకుండా తిన్నగా పోయుంటే దాటేవాడని కొందరంటారు. నేనా మాట వినను. నాముందు ఎవరూ అనరు. ఏడుగురు మనుషులు. ఆరుగుర్ని లాగారు. ఏడోవాడు జాబిర్, వలలు బాగుచేసేవాడు, నబవియ్య తమ్ముడు. ఆవిడ పెంచిన తమ్ముడు. ఆ పడవలో వాడున్నాడని రెండు వేళ్ళు చూపించేటప్పుడే ఆవిడకి తెలుసు. పొద్దున్న వాడికి బీన్సు రొట్టెలు కట్టి ఇచ్చింది తనే.

మూడురోజులయ్యాక మీ తాత అందర్నీ ఆ గదికి పిలిచాడు. ఫిక్రీ వచ్చాడు, పెన్నులు తీసుకొచ్చాడు, కాగితాలూ తీసుకొచ్చాడు. సరంగులు గోడ వెంట నిలబడి ఉన్నారు, ఖమీస్ చేతికి కట్టుతో. మీ తాత, “ఒక్క రింగుకే ఎత్తమని దానికి ఎవడు చెప్పాడు?” అన్నాడు. ఫిక్రీ కాగితం తీసి చదివాడు. మూడో కాగితం, కింద నుంచి రెండో వరుస. మొదటి రింగుకే పెట్టె తనంతట తాను ఎత్తును, ఇది మాకు సమ్మతము. కింద నా ముద్ర. ఎత్తి అందరికీ చూపించాడు. “చదివి వినిపించనా అని అడిగాను. కళ్ళున్నాయన్నారు. అందరూ విన్నారు” అన్నాడు. ఖమీస్ అడుగు ముందుకేశాడు. “చదివే వేశావా, మేస్త్రీ?” అన్నాడు. చదివానంటే చంపినవాణ్ణి. చదవలేదంటే, చదవలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు, అప్పుడు కూడా రాలేదు, చూడు. ఒక మనిషి పోయాడు, అప్పుడు కూడా.

ఆవిడ గుమ్మం దగ్గర కూర్చుని ఉంది నల్లబట్టల్లో. లేచి వచ్చి ఫిక్రీ చేతిలోంచి కాగితం తీసుకుంది. వెలుతురుకి పెట్టి చూసింది. “ఇది కార్బను కాపీ. అక్షరాలు అలికేసి ఉన్నాయి. మేస్త్రీ కళ్ళు మంచివి కావు, కళ్ళజోడు కూడా ఆరోజు తెచ్చుకోలేదు, నాకు తెలుసు. ఇలాంటి అక్షరాలతో జనం ప్రాణాలు రాస్తావా నువ్వు?” అంది ఫిక్రీతో. అంతే. సరంగులు ఫిక్రీ మీద పడ్డారు. వాడు పెన్నులు వదిలి పరిగెత్తాడు, మళ్ళీ ఈ ఊరు రాలేదు. హాజీ ఆవిణ్ణి బతిమాలాడు, బల్ల మళ్ళీ వేయిస్తాను రా అని. రాలేదు. ఆ దిండు కూడా తీసుకోలేదు. అక్షరాలు అలికేసి లేవు, ముంతసిర్. నల్లగా, చీమల్లా బారులు తీరి ఉన్నాయి, నా కళ్ళతో నేను చూశాను కదా, అంతసేపు. ఎవరడిగారు ఆవిణ్ణి ఆ మాట అనమని? అది పట్టుకుని ఎక్కడ పెట్టుకోను నేను? పంతొమ్మిదేళ్ళు ఆవిడ ఇంటి వీధిలోంచి నడవలేదు, చుట్టూ తిరిగి మసీదుకెళ్ళేవాణ్ణి. ఒకసారి చేపల అంగట్లో ఎదురుపడింది. “కంప్రెసరు దగ్గు తగ్గిందా, మేస్త్రీ?” అంది. నేను మొహం తిప్పుకుని వచ్చేశాను. పోయినప్పుడు శవపేటిక మొయ్యడానికి వెళ్ళాను, వెనక కొమ్ము పట్టుకున్నాను, అది మాత్రం…

విన్నావా? హారను. రెండుసార్లు కొట్టాడు. వాడికేం తెలుసులే, టీ అయిపోయుంటుంది. నువ్వు లేవకు. కూర్చో. ఆ కాగితాలు నాకివ్వకు, నా చేతికెందుకు, నువ్వే పట్టుకో. ఎన్నున్నాయి? నాలుగా? చదువు. మనసులో కాదు, పైకి. నాకు వినిపించు. కళ్ళజోడు కాదురా, కళ్ళజోడు ఎప్పుడుంది నాకు. నాకు చదువు రాదు. ఊ, మొదటి వరుస నుంచి, మెల్లగా.